కింద పార్కింగ్ మాయమైతే పైన ప్రాణాలకు పూచీ ఎవరు?

అపార్టుమెంటు వాసులకు, ఇండిపెండెంటు ఇళ్ల యజమానులకు, అద్దెకున్నవారికి, స్టిల్టుల్లో, కారు షెడ్లలో షాపులు నడుపుకుంటున్న అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కాలనీ వాసుల విజ్ఞప్తి



మన హైదరాబాద్‌లో ఏ కాలనీకి పోయినా ఇదే కనబడుతోంది. బండ్లు పెట్టుకోవాల్సిన చోట షట్టర్లు లేస్తున్నాయి. ఒక బిల్డింగు కింద కొరియర్ గోడౌను, దాని పక్కదాని కింద హాస్టల్ మెస్సు, మూలమలుపులో ట్యూషన్ సెంటరు, ఇంకో గల్లీలో డెలివరీ బైకులకు బ్యాటరీలు మార్చే చోటు. సొంత ఇళ్లవాళ్లు కారు షెడ్డుకు మూడు పక్కలా గోడలు లేపి, ముందు ఒక తలుపు పెట్టి, బ్యాచిలర్లకు అద్దెకిస్తున్నారు. లోపలుండాల్సిన కార్లు, బైకులు రోడ్డెక్కాయి. రెండు పక్కలా బండ్లు ఆగితే నడుమ ఆటో పోవడమే కష్టమైన చోట రేపు అంబులెన్సు ఎట్లా వస్తుంది, ఫైరింజన్ ఎట్లా తిరుగుతుంది?

మేము అడిగేది ఒక్కటే. శాంక్షన్ ప్లాన్‌లో పార్కింగ్ అని రాసున్న చోటును పార్కింగ్‌గానే ఉంచండి. మార్చాలనుకుంటే ఇటుక పెట్టకముందే అనుమతికి పోండి. ఇప్పటికే మార్చినవాళ్లు మీ అంతట మీరే ఖాళీ చేయించండి. ఎందుకింత గట్టిగా అడుగుతున్నామో దయచేసి చివరిదాకా చదవండి.

బజార్‌ఘాట్‌ను మరిచిపోయామా?

2023 నవంబరు 13, దీపావళి మర్నాడు పొద్దున. నాంపల్లి బజార్‌ఘాట్‌లో కుటుంబాలు కాపురముంటున్న నాలుగంతస్తుల బిల్డింగు. కింద బండ్లుండాల్సిన చోట కెమికల్ డ్రమ్ములు నిల్వ పెట్టారు. అంటుకుంది. కనీసం 9 మంది చనిపోయారు. మంట పుట్టింది కింద, ప్రాణాలు పోయింది పైన. చాలామందిని మంట తాకనే లేదు, పొగ చంపింది. పొద్దున్నే టీ పెట్టుకుంటున్న ఇంటికి, పిల్లలకు జడలేస్తున్న ఇంటికి కింద ఏం నిల్వ ఉందో ఎవరు చెప్పారు? వాళ్లను అడిగి పెట్టారా ఆ డ్రమ్ములు?

దానికి ఏడాది ముందు, 2022 సెప్టెంబరు 12 రాత్రి, సికింద్రాబాద్‌లో ఒక లాడ్జి. కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూం. బ్యాటరీల పొగ మెట్ల దారిన పైకెక్కింది. గదుల్లో దిగినవాళ్లలో 8 మంది చనిపోయారు. పనుల మీద వేరే ఊళ్ల నుంచి వచ్చి ఒక్క రాత్రి తలదాచుకున్నవాళ్లు వాళ్లు.

మంటే కాదు, నీళ్లూ అంతే. 2024 జులై 27 సాయంత్రం ఢిల్లీలోని పాత రాజేందర్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటరు సెల్లార్‌లోకి వాన నీళ్లు దూసుకొచ్చి ముగ్గురు విద్యార్థులు మునిగి చనిపోయారు. ఆ సెల్లార్‌కు అనుమతి ఇచ్చింది పార్కింగ్‌కు, సామాన్లు పెట్టుకోవడానికి. అందులో నడిపింది లైబ్రరీ. సివిల్స్‌కు చదివే మన తెలుగు పిల్లలు ఎంతోమంది ఉండే గల్లీలవి. 2020 అక్టోబరు వానలకు మన దగ్గర సెల్లార్లు ఎట్లా నిండాయో ఇక్కడున్న ప్రతివాళ్లకూ గుర్తే. ఆ నీళ్లలో కార్లు పోయాయి. కార్ల చోట మనుషులు పడుకుని ఉంటే?

ఒక్కసారి కిందికి దిగి చూడండి

మీరుండే బిల్డింగే చూడండి. స్టిల్టులోకి దిగి, మెట్ల దగ్గర నిలబడండి. మెట్ల కింద కరెంటు మీటర్ల బోర్డు ఉంటుంది. పది పన్నెండు ఫ్లాట్ల వైర్లన్నీ అక్కడికే వస్తాయి. దాని పక్కనే లిఫ్టు గుంత. లిఫ్టును ఆనుకుని మెట్లు. అయిదంతస్తుల నుంచి దిగే మనిషికి ఉన్న దారి అదొక్కటే. మన కాలనీలోనే ఒక బిల్డింగులో ఆ మీటర్ల బోర్డుకు రెండు అడుగుల దూరంలో అట్టపెట్టెలు కప్పు తాకేదాకా పేర్చి ఉన్నాయి. పెట్టెల మీద ప్లాస్టిక్ కవర్లు. బోర్డు నుంచి ఒక వైరు లాగి, అతుకు మీద టేపు చుట్టి, పెట్టెల పైనుంచి ఫ్యానుకిచ్చారు. స్కూలుకు పోయే పిల్లలు రోజూ ఆ పెట్టెల సందులోంచే బయటికొస్తారు. ఎవరి బిల్డింగో ఇక్కడ రాయం. వాళ్లకు నేరుగా చెప్పాం, మళ్లీ చెబుతాం.

స్టిల్టును నాలుగు పక్కలా తెరిచి ఉంచడంలో ప్రాణాలు కాపాడే లెక్కొకటి ఉంది. కారుకో స్కూటరుకో నిప్పంటుకున్నా పొగ పక్కలకు పోతుంది. మూడు పక్కలా గోడ కట్టి, నాలుగో పక్క షట్టరు దించితే పొగకు మిగిలే దారి మెట్లే. వేడి గాలి పైకే పోతుంది. మెట్లు చిమ్నీ అవుతాయి. తలుపు తెరిచిన మొదటి మనిషి మొదటి ఊపిరితోనే పడిపోతాడు. బజార్‌ఘాట్‌లోనూ, సికింద్రాబాద్‌లోనూ పొగ అట్లాగే చంపింది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఫైర్ డిపార్టుమెంటు నుంచి ఎన్‌ఓసీ తప్పనిసరి అయ్యేది నివాస భవనాలకు 18 మీటర్ల ఎత్తు దాటితేనే, వ్యాపార భవనాలకైతే 15 మీటర్లు దాటితే. మన స్టిల్ట్ ప్లస్ ఐదు బిల్డింగుల్లో ఎక్కువ భాగం ఆ గీతకు కిందే ఉంటాయి. అందుకే మనింటికి ఫైర్ వాళ్లు తనిఖీకి రారు. ఇల్లు ఇల్లుగా ఉన్నన్నాళ్లు అది సరే. కింద గోడౌను పెట్టాక కూడా ఎవరూ చూడటానికి రారు. మన కాపలా మనమే కాయాలి.

రూల్ ఏం చెబుతోంది?

తెలంగాణలో ఇల్లు కట్టే ప్రతివాళ్లకూ వర్తించేవి 2012 నాటి బిల్డింగ్ రూల్స్. 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168 అంటే టౌన్ ప్లానింగ్ ఆఫీసులో అటెండరుకు కూడా తెలుసు. పార్కింగ్ కోసం చూపిన చోటును వేరే దేనికి వాడినా ఆ కట్టడాన్ని అధికారులు అప్పటికప్పుడే తీసేయొచ్చు, కూల్చేయొచ్చు అని అందులో సూటిగా రాసుంది. నెలల తరబడి వాయిదాలు ఉంటాయిలే అనుకునేవాళ్లు ఈ మాటను రెండుసార్లు చదువుకోండి.

స్టిల్టులో అసలేమీ కట్టకూడదని కాదు. వాచ్‌మన్ గది, దానితో పాటు రెండు బాత్రూములు, అన్నీ కలిపి 25 చదరపు మీటర్లకు మించకుండా కట్టుకోవచ్చు. బండ్లు తిరిగే దారికి, నిలిపే చోటుకు అవి అడ్డం రాకూడదు. మా కరపత్రం పేరు చెప్పి ఎవరూ వాచ్‌మన్ కుటుంబాన్ని బెదిరించకండి. వాళ్ల గది రూలు ప్రకారమే ఉంది. సెల్లార్ ఉన్న పెద్ద బిల్డింగుల్లో పదో వంతు దాకా జనరేటరు, ఏసీ ప్లాంటు, మురుగునీటి శుద్ధి, కరెంటు సామగ్రి లాంటి వాటికి వాడుకోవచ్చు. అది కూడా మనుషులు కాపురముండని పనులకే. ఇవి పోను మిగిలినదంతా బండ్లదే.

పర్మిషన్ కాగితం తీసి చూడండి. స్టిల్ట్ ప్లస్ నాలుగు, స్టిల్ట్ ప్లస్ ఐదు అని ఉంటుంది. స్టిల్టును అంతస్తుగా లెక్కపెట్టలేదు. బండ్లకు ఇస్తామని మాట ఇచ్చారు కాబట్టే లెక్కపెట్టలేదు. ఆ మాట మీదే పైన ఇంకో అంతస్తు లేచింది. ఇప్పుడు కింద గదులు వేస్తే, కార్పొరేషన్‌కు చూపిన ప్లాన్ ఒకటి, నేల మీదున్న బిల్డింగు ఇంకొకటి. ఓసీ అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తీసుకునే రోజు దాకా స్టిల్టును ఖాళీగా చూపించి, తెల్లారి ఇటుకల లారీ దింపే బిల్డర్లు మన కాలనీలకు కొత్త కాదు. కాగితం మీద ఉన్నదే నేల మీదా ఉండాలి. మేమంటున్నది అంతే.

2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టంతో 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు దాకా ఇల్లు కట్టుకునేవాళ్లకు సొంత ధ్రువీకరణ మీదే అనుమతి దొరుకుతోంది. మంచి మార్పది. ఆఫీసుల చుట్టూ తిరగాల్సిన బాధ తగ్గింది. కానీ ధ్రువీకరణ అంటే మనం సంతకం పెట్టి ఇచ్చిన మాట. అందులో చెప్పింది ఒకటి, కట్టింది ఇంకొకటి అయితే నోటీసు లేకుండానే కూల్చే అధికారం అదే చట్టం ఇచ్చింది. పాత మున్సిపల్ కార్పొరేషన్ చట్టంలోనైతే ముందు 452 సెక్షన్ నోటీసు, తర్వాత 636 సెక్షన్ కింద కూల్చివేత అని ఒక వరస ఉండేది. ఆ వరసను నమ్ముకుని ఇప్పుడు ఎవరూ ధీమాగా ఉండొద్దు.

"ఫైన్ కడితే రెగ్యులరైజ్ అవుతుందిలే"

ఈ మాట మీకు బ్రోకర్ చెబుతాడు, మేస్త్రీ చెబుతాడు, పక్కింటాయన చెబుతాడు. నమ్మొద్దు. ఈ కరపత్రంలో మీరు దాచుకోవాల్సిన సంగతి ఏదన్నా ఉంటే ఇదే.

అనుమతి లేని కట్టడాలను జరిమానాతో క్రమబద్ధం చేసే పథకాలు వచ్చిన మాట నిజమే. ఉమ్మడి రాష్ట్రంలో 2007 డిసెంబరు 31 నాటి జీవో 901తో బిల్డింగ్ పీనలైజేషన్ స్కీము (బీపీఎస్) వచ్చింది. తెలంగాణ వచ్చాక 2015 నవంబరు 2న జీవో 152తో బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీము (బీఆర్ఎస్) వచ్చింది. సెట్‌బ్యాక్‌లో రెండడుగులు ముందుకొచ్చిన గోడలు, పైన వేసిన అదనపు గదులు ఉన్నవాళ్లు అప్పట్లో వాటి కింద దరఖాస్తు చేసుకునేందుకు వీలుండేది. కానీ ఆ రెండింటిలోనూ అసలు పరిశీలించనే పరిశీలించమని చెప్పిన వాటి జాబితా ఒకటుంది. చెరువు శిఖం భూములు, ప్రభుత్వ భూములు ఉన్న ఆ జాబితాలోనే శాంక్షన్ ప్లాన్‌లో పార్కింగ్‌కు కేటాయించిన చోటు కూడా ఉంది. చెరువులో కట్టిన ఇల్లు ఎంతో, పార్కింగ్‌లో కట్టిన షట్టరు అంతే. డబ్బు తీసుకుని దాన్ని సక్రమం చేసే దారి ఆ పథకాల్లో ఎవరికీ ఇవ్వలేదు.

ఇంటి పన్ను కడుతున్నాం కదా అంటారు ఇంకొందరు. పన్ను వేసేవాళ్లు వేరు, ప్లాన్ ఇచ్చేవాళ్లు వేరు. పన్ను రశీదు అనుమతి కాగితం కాదు. షాపుకు ట్రేడ్ లైసెన్సు ఉందంటారు. ట్రేడ్ లైసెన్సు వ్యాపారానికి సంబంధించినది, దాంతో పార్కింగ్ షాపైపోదు. కరెంటు సంగతి ఇంకా కష్టం. ఇంటి మీటరు మీద వ్యాపారం నడిపితే 2003 విద్యుత్ చట్టం 126 సెక్షన్ కింద అది అనధికార వాడకం. ఆ వాడకానికి వర్తించే టారిఫ్‌కు రెండింతలు వేస్తారు. ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలకపోతే తనిఖీకి ముందు పన్నెండు నెలలకూ లెక్కగడతారు. నెలకు పదో పదిహేను వేలో అద్దె వస్తుందని లెక్కేసుకున్నవాళ్లు ఈ లెక్క కూడా వేసుకోండి. రేపు ఫ్లాటు అమ్మబోతే కొనేవాళ్ల బ్యాంకు ప్లాన్ అడుగుతుంది, ఓసీ అడుగుతుంది, మనిషిని పంపి చూసుకుంటుంది. కింద ఒకరు చేసిన పనికి పైన పన్నెండు కుటుంబాల ఫ్లాట్ల ధర పడిపోతుంది.

స్టిల్టు ఎవరి సొత్తు?

ఫ్లాట్ల ఓనర్లారా, మీ హక్కు మీకు తెలియాలి. బిల్డర్ "స్టిల్టులో ఆ మూల నాది, అమ్ముకుంటా" అంటే, లేదా గ్రౌండులో స్థలం నాదే అని ల్యాండ్ ఓనర్ షట్టర్లు వేస్తే, నోరుమూసుకుని ఉండాల్సిన పనిలేదు. 2010 ఆగస్టు 31న సుప్రీం కోర్టు ముంబైకి చెందిన నహల్‌చంద్ లాలూచంద్ కేసులో తీర్పిచ్చింది. స్టిల్టు పార్కింగ్ విడిగా అమ్ముకునే గ్యారేజీ కాదని, అది ఫ్లాట్లవాళ్లందరి ఉమ్మడి చోటని ఆ తీర్పు తేల్చింది. అది మహారాష్ట్ర చట్టం మీద వచ్చిన తీర్పే. కానీ మనకున్న 1987 నాటి అపార్టుమెంట్ల చట్టం కూడా సెల్లార్లను, ఉమ్మడి వాడకానికి ఉన్న పార్కింగ్‌ను ఉమ్మడి ఆస్తిలోనే చేర్చింది. 2017 జనవరి 1 తర్వాత పర్మిషన్ పొంది రెరాలో నమోదైన ప్రాజెక్టులకైతే ఇంకో రక్ష ఉంది. ఉమ్మడి స్థలాల్లో ఏ మార్పు చేయాలన్నా మూడింట రెండొంతుల మంది ఫ్లాట్లు కొన్నవాళ్లు ముందుగా రాసి ఒప్పుకోవాలి. బిల్డర్ ఒక్కడు తలచుకుంటే సరిపోదు.

కాబట్టి అసోసియేషన్ రిజిస్టరు పట్టుకుని ఎవరన్నా ఇంటికొచ్చి "కింద రెండు షాపులకు ఒప్పుకుంటే మెయింటెనెన్సు తగ్గుతుంది, ఇక్కడో సంతకం పెట్టండక్కా" అంటే, అక్కా, పెట్టకండి. నెలకు అయిదు వందలు మిగులుతాయని పెట్టిన సంతకం రేపు పోలీస్ స్టేషన్లో మన పేరు ముందుంటుంది. బజార్‌ఘాట్ బిల్డింగు యజమాని మీద కేసు పెట్టారు. ఢిల్లీ కోచింగ్ సెంటరు యజమానిని అరెస్టు చేశారు.

సొంత ఇల్లు ఉన్నవారికి

ఇక్కడ కొంచెం ఆగి మాట్లాడాలి. అందరూ అద్దె ఆశతోనే గ్యారేజీ మార్చడం లేదు. మా దగ్గరికి వచ్చి గోడు చెప్పుకున్నవాళ్లు ఉన్నారు. మోకాళ్లు అరిగిపోయిన అమ్మ మేడ ఎక్కలేదు. నాన్నకు పక్షవాతం, కింద గది కావాలి. కొడుకు ఇంటి నుంచి పని చేస్తాడు, నలుగురుండే రెండు గదుల ఇంట్లో ఫోను మాట్లాడటానికి చోటు లేదు. కారు అమ్మేశాం, షెడ్డు ఖాళీగా ఉంది, గది చేసుకుంటే తప్పేంటని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. వాళ్లను, డ్రమ్ములు నిల్వ పెట్టేవాళ్లను ఒకే గాటన కట్టడం మాకు ఇష్టం లేదు.

వాళ్లకు మేం చెప్పేది ఇది. ముందు మీ శాంక్షన్ ప్లాన్ తీయండి. షెడ్డు ఎక్కడుందో చూడండి. ఇంటి గోడకు, ప్రహరీకి నడుమ వదలాల్సిన ఖాళీలో రేకులు వేసుకున్న షెడ్డైతే దాన్ని గది చేయడానికి ఏ దారీ లేదు. ఆ ఖాళీ గాలికి, వెలుతురుకు, నిచ్చెన వేసుకుని మనిషిని దించడానికి వదిలింది. ప్లాన్‌లోనే గ్రౌండు ఫ్లోరులో భాగంగా గ్యారేజీ చూపించి కట్టి ఉంటే, రివైజ్డ్ ప్లాన్‌కు అడగొచ్చు. లైసెన్సున్న ఆర్కిటెక్టుతోనో ఇంజనీరుతోనో కొత్త ప్లాన్ గీయించాలి. మీ స్థలంలోనే ఇంకోచోట రూలుకు సరిపడా పార్కింగ్ చూపించాలి. ఎత్తు, సెట్‌బ్యాక్ పరిమితి దాటకూడదు. ఇవన్నీ కుదిరితే అనుమతి వస్తుంది. కుదరకపోతే రాదు, అప్పుడు ఆగాలి. ఇవాళ కారు లేకపోవచ్చు. ఇల్లు మరో యాభై ఏళ్లుంటుంది, అందులో ఉండేవాళ్లు మారతారు, వాళ్ల బండ్లు రోడ్డు మీద పెడతారు.

అనుమతి వచ్చినా కారుండే చోటు, మనిషి పడుకునే చోటు ఒకటి కావు. కారుకు రెండున్నర మీటర్ల ఎత్తు చాలు. మనుషులుండే గదికి జాతీయ భవన నియమావళి ప్రకారం కనీసం 2.75 మీటర్లు కావాలి, తొమ్మిదిన్నర చదరపు మీటర్ల వైశాల్యం కావాలి, బయటి గాలిలోకి తెరుచుకునే కిటికీ కావాలి. ఎత్తు చాలక నేలను అడుగు లోతు తవ్వేవాళ్లను చూస్తున్నాం. దయచేసి ఆ పని చేయకండి. పిల్లర్ కింద ఫుటింగు ఎక్కడుందో, ప్లింతు బీము ఎంత లోతులో ఉందో తెలియకుండా గునపం వేస్తే ఇంటి బరువంతా మోసే చోటే గుల్లవుతుంది. పైగా రోడ్డు కన్నా గది పల్లమవుతుంది. మన కార్పొరేషన్ రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్త పొర వేసి ఎత్తు పెంచుతోంది. మొదటి పెద్ద వానకే నీళ్లు అమ్మ మంచం కిందికి వస్తాయి. కారు లోపలికి ఎక్కే ర్యాంపును తీసేసి గడప కట్టకుండా తలుపు పెట్టినవాళ్లకు ఈ బాధ ఎక్కువ. ఇంజనీరు సలహా ఫీజు మీకు భారమనిపిస్తే మాకు చెప్పండి. కాలనీలోనే రిటైరైన ఇంజనీర్లు ఉన్నారు, వచ్చి చూస్తామన్నారు.

సున్నం వేసుకోవడానికి, ప్లాస్టరింగు చేయించుకోవడానికి, గచ్చు మార్చుకోవడానికి, పాత తలుపు తీసి కొత్తది పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నోటీసు పేరు చెప్పి దీనికి కూడా డబ్బులు గుంజేవాళ్లు దిగుతున్నారు. అట్లాంటి వాళ్లొస్తే రాతపూర్వకంగా ఇవ్వమనండి, మాకు కబురు పెట్టండి.

షాపులు నడుపుకుంటున్నవారికి

స్టిల్టులో కుట్టుమిషను పెట్టుకున్న అక్కకు, షెడ్డులో టిఫిన్ సెంటరు నడుపుకుంటున్న దంపతులకు, ఇస్త్రీ డబ్బా అన్నకు ఒక మాట. మేం మీ పొట్ట కొట్టడానికి రాలేదు. అడ్వాన్సు తీసుకుని, అనుమతి లేని చోటును అనుమతి ఉన్నట్టు చెప్పి మీకు అద్దెకిచ్చినవాళ్లది తప్పు. సీలు వేస్తే మిషను మీది, సరుకు మీది, లోపల ఇరుక్కునేది మీ డబ్బు. అందుకే ఇప్పుడే మీ ఓనరును ప్లాన్ చూపించమని అడగండి. అడ్వాన్సు వెనక్కి ఇప్పించడానికి కాలనీ పెద్దలు మీ తరఫున వచ్చి మాట్లాడతారు. కమర్షియల్ అనుమతి ఉన్న మెయిన్ రోడ్డు మడిగెల్లో ఖాళీలు ఎక్కడున్నాయో వాకబు చేసి జాబితా తయారు చేస్తున్నాం. గ్యాసు సిలిండర్లు, కెమికల్స్, బ్యాటరీలు, అట్టపెట్టెల గోడౌన్లు ఉన్నవి మాత్రం రేపటిదాకా కూడా ఆగలేవు. వాటిని ముందు తీయాలి. మిగతావాళ్లకు నెల రోజుల గడువు ఇద్దామని మా ప్రతిపాదన. అధికారులు వచ్చి షట్టరు పగలగొట్టడం కన్నా మనం మనం మాట్లాడుకుని సర్దుకోవడం గౌరవం.

కాలనీ యువకులకు ఒక ప్రత్యేక విజ్ఞప్తి. ఎవరి షాపు ముందూ గొడవ పడకండి. ఫోటోలు తీసి గ్రూపుల్లో పెట్టి పరువు తీయకండి. పేరు పెట్టి బజారుకీడిస్తే సర్దుకోవాలనుకున్నవాళ్లు కూడా మొండికేస్తారు.

ఇప్పుడు ఏం చేద్దాం

వచ్చే ఆదివారం పొద్దున 10 గంటలకు కాలనీ కమ్యూనిటీ హాల్లో కలుద్దాం. వచ్చేటప్పుడు మీ బిల్డింగు శాంక్షన్ ప్లాన్ జిరాక్సు తీసుకురండి. ప్లాన్ బిల్డర్ దగ్గరే ఉండిపోయిందా? అసోసియేషన్ వాళ్లు లేదన్నారా? భయపడాల్సిన పనిలేదు. 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో టౌన్ ప్లానింగ్ సెక్షన్‌కు దరఖాస్తు పెడితే ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. పర్మిషన్ నంబరు తెలియకపోతే ఇంటి నంబరు, సర్వే నంబరు రాస్తే చాలు. దరఖాస్తు రాయడం రానివాళ్లకు అక్కడే కూర్చుని రాసిపెడతాం. ఆడవాళ్లు తప్పకుండా రండి. పగలంతా పిల్లలతో, పెద్దవాళ్లతో ఆ బిల్డింగుల్లో ఉండేది మీరే, మెట్ల దగ్గర ఏముందో అందరికన్నా ముందు చూసేదీ మీరే.

హాలు నుంచి అందరం కలిసి గల్లీ గల్లీ నడుద్దాం. ప్రతి బిల్డింగు ముందు ఆగి ప్లాన్‌లో ఎన్ని బండ్లకు చోటు చూపించారో, ఇప్పుడు ఎన్నింటికి మిగిలిందో రాసుకుందాం. లెక్క మన చేతిలో ఉంటే ఎవరూ కాదనలేరు. ఓనర్లు అక్కడికక్కడే ఒప్పుకుంటే సంతకం తీసుకుని నెల గడువిద్దాం. ఒప్పుకోని వాటి వివరాలు, ఫోటోలతో సహా సోమవారం ప్రజావాణిలో రాతపూర్వకంగా ఇద్దాం. ఫిర్యాదు ఒక్కరి పేరు మీద వద్దు. ఒక్కరు ఇస్తే ఆ ఇంటి మీదికి పోతారు. వంద సంతకాలతో ఇద్దాం, అందిన ముద్ర వేయించుకుని ఒక కాపీ మన దగ్గర పెట్టుకుందాం. నెల తర్వాత అదే ముద్ర పట్టుకుని మళ్లీ పోయి ఏం చేశారని అడుగుదాం.

అధికారులకు కూడా మా డిమాండు ఒకటుంది. ఓసీ ఇచ్చిన ఆరు నెలలకు ఒకసారి వచ్చి స్టిల్టు చూడండి. కొత్త బిల్డింగు గేటు దగ్గర శాంక్షన్ ప్లాన్‌లోని పార్కింగ్ పటాన్ని బోర్డు మీద పెట్టించండి. ఫ్లాటు కొనబోయే మనిషి, షాపు అద్దెకు తీసుకోబోయే మనిషి బోర్డు చూసి తెలుసుకుంటాడు. దీనికి కోట్లు ఖర్చు కావు. ఆదివారం ఈ డిమాండు మీద కూడా సంతకాలు తీసుకుంటాం.

ఈలోపు ఈ రాత్రే ప్రతి అపార్టుమెంటులో ఒక పని చేయొచ్చు. మెట్ల కిందా, మీటర్ల బోర్డు పక్కనా ఉన్న అట్టపెట్టెలు, పాత పరుపులు, పెయింటు డబ్బాలు తీసేయండి. వేలాడే వైర్లుంటే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. టెర్రస్ తలుపుకు తాళం ఉంటే తాళంచెవి ఎవరి దగ్గరుందో ప్రతి ఫ్లాటుకూ చెప్పండి. దీనికి మీటింగూ అక్కర్లేదు, అనుమతీ అక్కర్లేదు.

ఆదివారం, పొద్దున 10 గంటలు, కాలనీ కమ్యూనిటీ హాలు. ప్లాన్ కాపీ తెచ్చినా తేకపోయినా రండి. జిరాక్సు, దరఖాస్తు ఫీజుల ఖర్చు కాలనీ సంఘానిదే.

ఇట్లు
కాలనీ వాసులు